క్రోషే టాప్ (దీర్ఘచతురస్రపు ముక్కల పద్ధతి)

క్రోషే టాప్ అనగా కొక్కెం గల ఒకే సూదితో, దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా లాగుతూ అల్లిన స్త్రీల పైవస్త్రం. దీనిని అల్లే పద్ధతులలో అన్నిటికంటె సులభమైనది దీర్ఘచతురస్రపు ముక్కల పద్ధతి. ఇందులో ముందు భాగానికి ఒకటి, వెనుక భాగానికి ఒకటి, చేతులకు రెండు చొప్పున నాలుగు దీర్ఘచతురస్రపు ముక్కలను విడివిడిగా అల్లి, అంచుల వద్ద కలుపుతారు. చంకల వద్ద గాని, మెడ వద్ద గాని కుట్లు పెంచడం, తగ్గించడం ఉండదు. గుడ్డను కత్తిరించే పని కూడా ఉండదు. అందువలన క్రోషేలో రెండు మూడు కుట్లు మాత్రమే వచ్చినవారు కూడా దీనిని పూర్తి చేయగలరు.

తెలుగు నేలపై క్రోషే అల్లికకు ప్రసిద్ధి చెందిన ప్రాంతం పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు బట్టల నేతకు, ఇంటి వద్ద చేసే బీడీల పనికి పేరు పొందినవి. ఈ వ్యాసంలో టాప్ తయారీ విధానంతో పాటు, ఈ అల్లికకు పట్టే కాలం, దానికి లభించే కూలి కూడా వివరించబడ్డాయి.

పేరు

క్రోషే అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చినది. ఆ భాషలో దీనికి చిన్న కొక్కెం అని అర్థం. తెలుగులో దీనిని క్రోషే, క్రోషా, లేసు అల్లిక, దారపు అల్లిక అని పలు విధాలుగా వ్యవహరిస్తారు. గోదావరి జిల్లాలలో "లేసు" అన్న మాటే ఎక్కువగా వాడుకలో ఉంది. రెండు సూదులతో చేసే స్వెట్టర్ల అల్లిక క్రోషే కాదు. స్వెట్టరు అల్లికలో ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూదిపైనే ఉంటాయి. క్రోషేలో ఒక కుట్టు పూర్తయిన తరువాతనే రెండవ కుట్టు మొదలవుతుంది కనుక సూదిపై సాధారణంగా ఒకే ఉచ్చు మిగులుతుంది. ఈ కారణం వలననే పనిని ఎప్పుడైనా ఆపి పక్కన పెట్టవచ్చు, తప్పు వస్తే ఆ మేరకు విప్పి మళ్ళీ అల్లవచ్చు.

చరిత్ర

నేడు మనకు తెలిసిన రూపంలో క్రోషే 19వ శతాబ్దం మొదటి భాగంలో ఐరోపాలో వ్యాపించింది. 1845లో మొదలైన ఐర్లండు కరువు కాలంలో పేద కుటుంబాల స్త్రీలు క్రోషే లేసు అల్లి అమ్ముకొని జీవించారు. పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి, తరువాత వాటిని జాలీతో కలపడం ఐర్లండు లేసు ప్రత్యేకత. చిన్న ముక్కలుగా అల్లి పెద్ద వస్త్రంగా కలపడం అనే ఆలోచన ముక్కల టాప్‌లోను కనిపిస్తుంది.

నరసాపురం ప్రాంతానికి ఈ విద్య 19వ శతాబ్దం మధ్యకాలంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. మిషను బడులలో బాలికలకు నేర్పిన ఈ పని క్రమంగా చుట్టుపక్కల గ్రామాలలోని వ్యవసాయ కుటుంబాలకు పాకింది. బల్లపై పరిచే గుడ్డలు, దిండు గలీబుల అంచులు, తెరలు మొదట అల్లేవారు. తరువాత జాకెట్లు, టాపులు, పిల్లల గౌనులు కూడా అల్లి ఐరోపా, అమెరికా దేశాలకు ఎగుమతి చేశారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి స్త్రీల జీవితంపై పరిశోధన చేసి 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకాన్ని ప్రచురించారు. నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

దీర్ఘచతురస్రపు ముక్కలే ఎందుకు

మగ్గంపై నేసిన గుడ్డ సహజంగా దీర్ఘచతురస్రంగానే ఉంటుంది. చీర, పంచె, కండువా కత్తిరించకుండా కట్టుకునే వస్త్రాలు. జపాను వారి కిమోనో కూడా తిన్నని ముక్కలను కలిపి కుట్టినదే. రవికె వంటి వస్త్రానికి మాత్రం దర్జీ గుడ్డను ఒంటి వంపులకు అనుగుణంగా కత్తిరించవలసి వస్తుంది. ఆ కత్తిరింపులో కొంత గుడ్డ వృథా అవుతుంది.

క్రోషే గుడ్డను ఆ విధంగా కత్తిరించరాదు. కత్తెర పడిన చోట ఉచ్చులు తెగి, అల్లిక ఊడిపోతుంది. కనుక ఆకారం ఏదైనా అల్లుతూ ఉండగానే తేవాలి. వంపులు తేవాలంటే ఏ వరుసలో ఎన్ని కుట్లు తగ్గించాలో లెక్క తెలియాలి. దీర్ఘచతురస్రానికి ఆ లెక్క అవసరం లేదు. ఎన్ని కుట్లతో మొదలైనదో అన్ని కుట్లతోనే ముగుస్తుంది. వెడల్పు, పొడవు అనే రెండు కొలతలు తెలిస్తే చాలును. దారం కూడా వృథా కాదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. టాప్ ఒంటికి అంటుకొని ఉండదు, వదులుగా ఉంటుంది. భుజం కుట్టు భుజం చివరన కాకుండా దండపైకి జారి ఉంటుంది. బిగుతుగా ఉండే రవికెకు ఈ పద్ధతి పనికిరాదు.

కావలసిన సామాగ్రి

దారం: జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడును దాటిన సందర్భాలున్నాయి. ఇటువంటి చోట్ల నూలు దారమే మేలు. ఆక్రిలిక్ ఊలు చౌకగా, రంగురంగులలో దొరుకుతుంది గాని చెమటను పీల్చదు. అది శీతాకాలపు వస్త్రానికి తగును. చీర కుచ్చులకు వాడే పట్టు దారం, మెరుపు దారం టాప్‌కు చాలా సన్నం. ఈ వ్యాసంలోని లెక్కలు మధ్యరకం మందం గల నూలు దారానికి చెందినవి.

సూది: మందపాటి దారానికి అల్యూమినియం సూది, సన్నని దారానికి ఉక్కు సూది వాడతారు. సూది పరిమాణాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. మధ్యరకం నూలు దారానికి 3.5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది.

ఇతరములు: కొలత టేపు, కత్తెర, దారం ఎక్కించడానికి పెద్ద కన్ను గల మొద్దు సూది, తుప్పు పట్టని గుండుసూదులు, కుట్లను గుర్తు పెట్టుకోవడానికి రంగు దారపు ముక్కలు.

మగ్గాల కోసం తెచ్చే నూలును వాడవచ్చునా అన్న ప్రశ్న నేత పట్టణాలలో సహజం. మగ్గపు నూలు పోగు క్రోషేకు చాలా సన్నం. పలు పోగులను కలిపి ఒకే దారంగా చుట్టుకుంటే పనికి వస్తుంది. అయితే పోగులకు పురి లేనందున సూది వాటి మధ్యకు దూరి, కొన్ని పోగులు విడిపోతుంటాయి. పాలియెస్టరు పోగు జారుతుంది, ముడి నిలవదు. ముందుగా చిన్న ముక్క అల్లి చూసిన తరువాతనే ఇటువంటి దారంతో టాప్ మొదలుపెట్టాలి.

కుట్లు

ఈ టాప్‌కు నాలుగు పనులు తెలిస్తే చాలును.

గొలుసు: దీనినే చైన్ అంటారు. సూదిపై ఉన్న ఉచ్చు గుండా దారాన్ని లాగితే ఒక గొలుసు కుట్టు అవుతుంది. ప్రతి ముక్క గొలుసుతోనే మొదలవుతుంది.

స్లిప్ స్టిచ్: సూదిని కుట్టులోకి దూర్చి, దారాన్ని పట్టి, ఆ కుట్టు గుండా, సూదిపై ఉన్న ఉచ్చు గుండా ఒకేసారి లాగాలి. ముక్కలను కలపడానికి ఇది ఉపయోగపడుతుంది.

సింగిల్ క్రోషే: సూదిని కుట్టులోకి దూర్చి దారాన్ని లాగితే సూదిపై రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం పట్టి రెండింటి గుండా లాగాలి. ఇది పొట్టిగా, గట్టిగా ఉండే కుట్టు. అంచులకు వాడతారు.

డబుల్ క్రోషే: ముందు దారాన్ని సూదిపై ఒకసారి చుట్టుకొని కుట్టులోకి దూర్చాలి. దారాన్ని లాగితే సూదిపై మూడు ఉచ్చులు ఉంటాయి. దారం పట్టి రెండు ఉచ్చుల గుండా, మరల దారం పట్టి మిగిలిన రెండింటి గుండా లాగాలి. ఇది పొడవైన కుట్టు. టాప్ మొత్తం దీనితోనే అల్లుతారు.

ఈ పేర్లు అమెరికా పద్ధతికి చెందినవి. బ్రిటిష్ పద్ధతిలో పేర్లు ఒక మెట్టు పైకి జరుగుతాయి. అమెరికా వారి సింగిల్ క్రోషే బ్రిటిష్ వారికి డబుల్ క్రోషే. అమెరికా వారి డబుల్ క్రోషే బ్రిటిష్ వారికి ట్రెబుల్. నమూనా పుస్తకం ఏ పద్ధతిలో ఉన్నదో చూసుకోకుండా అల్లితే వరుసల ఎత్తు మారి, కొలతలన్నీ తప్పిపోతాయి.

మచ్చు ముక్క

కొలతలకు ఆధారం మచ్చు ముక్క. ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా ఇద్దరు అల్లిన ముక్కలు ఒకే పరిమాణంలో ఉండవు. దారాన్ని బిగించి పట్టేవారి కుట్లు చిన్నవిగా, వదులుగా పట్టేవారి కుట్లు పెద్దవిగా వస్తాయి. కనుక టాప్ మొదలుపెట్టే ముందు సుమారు 6 అంగుళాల చదరపు ముక్కను డబుల్ క్రోషేతో అల్లి, తడిపి ఆరబెట్టి, మధ్యలోని 4 అంగుళాలలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కించాలి. నూలు దారం ఉతికినప్పుడు కొంత కుంచించుకుపోతుంది కనుక తడపకుండా కొలిచిన లెక్క నమ్మదగినది కాదు.

ఈ వ్యాసంలో 4 అంగుళాలకు 18 కుట్లు, 9 వరుసలు అని తీసుకోబడినది. అంటే అంగుళానికి నాలుగున్నర కుట్లు, రెండుంబావు వరుసలు. ఈ లెక్క ప్రకారం 90 కుట్ల ముక్క 20 అంగుళాల వెడల్పు వస్తుంది. వదులుగా అల్లేవారికి 4 అంగుళాలలో 16 కుట్లే వస్తే, అదే 90 కుట్ల ముక్క 22.5 అంగుళాలు అవుతుంది. ముందు వెనుకలు కలిపి టాప్ చుట్టుకొలత 5 అంగుళాలు పెరుగుతుంది. బిగించి అల్లేవారికి 20 కుట్లు వస్తే ముక్క 18 అంగుళాలకు తగ్గి, 36 అంగుళాల ఛాతీపై వదులు ఏమీ మిగలదు. కుట్లు ఎక్కువ వస్తే పెద్ద సూదిని, తక్కువ వస్తే చిన్న సూదిని తీసుకొని మరొక మచ్చు అల్లి చూడాలి.

కావలసిన దారం ఎంతో కూడా మచ్చు ముక్కతోనే తెలుస్తుంది. 36 అంగుళాల ఛాతీకి నాలుగు ముక్కల మొత్తం వైశాల్యం 1,136 చదరపు అంగుళాలు. 6 అంగుళాల చదరపు మచ్చు 36 చదరపు అంగుళాలు. ఆ మచ్చు 11 గ్రాములు తూగితే, మొత్తానికి సుమారు 347 గ్రాములు కావాలి. అంచులకు, అతుకులకు పదవ వంతు కలిపితే సుమారు 382 గ్రాములు, అంటే 50 గ్రాముల ఉండలు ఎనిమిది. ఉండలన్నీ ఒకేసారి కొనడం మంచిది. ఒకే రంగు అయినా వేరువేరు అద్దకాలలో ఛాయ కొద్దిగా మారుతుంది.

కొలతలు

ఛాతీ చుట్టుకొలతకు 4 అంగుళాల వదులు కలిపి సగం చేస్తే ఒక ముక్క వెడల్పు వస్తుంది. దానిని అంగుళానికి వచ్చే కుట్లతో హెచ్చిస్తే కుట్ల సంఖ్య వస్తుంది. మొదటి గొలుసు ఆ సంఖ్య కంటె రెండు ఎక్కువ ఉండాలి.

ఛాతీ 32 అంగుళాలు: ముక్క వెడల్పు 18 అంగుళాలు, 81 కుట్లు, గొలుసు 83.
ఛాతీ 36 అంగుళాలు: ముక్క వెడల్పు 20 అంగుళాలు, 90 కుట్లు, గొలుసు 92.
ఛాతీ 40 అంగుళాలు: ముక్క వెడల్పు 22 అంగుళాలు, 99 కుట్లు, గొలుసు 101.
ఛాతీ 44 అంగుళాలు: ముక్క వెడల్పు 24 అంగుళాలు, 108 కుట్లు, గొలుసు 110.

నడుము కిందికి దిగే టాప్‌కు పొడవు 22 అంగుళాలు, అంటే 50 వరుసలు. చేతి ముక్క 16 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు. అంటే 72 కుట్లు, 18 వరుసలు. చేతులు వద్దనుకుంటే ఆ రెండు ముక్కలను వదలివేయవచ్చు. భుజం జారి ఉండడం వలన ముందు వెనుక ముక్కలే పొట్టి చేతుల వలె కనిపిస్తాయి.

తయారీ విధానం

వెనుక ముక్క: 92 గొలుసు కుట్లు వేయాలి. గొలుసు బిగుసుకుపోతే టాప్ కింది అంచు ముడుచుకుపోతుంది కనుక గొలుసును మాత్రం ఒక సైజు పెద్ద సూదితో వేయడం మంచిది. సూది నుండి నాలుగవ గొలుసులో మొదటి డబుల్ క్రోషే వేయాలి. వదలిన మూడు గొలుసులు ఒక కుట్టుగా లెక్కకు వస్తాయి. అక్కడి నుండి ప్రతి గొలుసులో ఒక్కొక్క కుట్టు వేస్తూ పోతే మొత్తం 90 కుట్లు వస్తాయి. పనిని తిప్పి, మూడు గొలుసులు వేసి, రెండవ వరుస ప్రారంభించాలి. ఈ మూడు గొలుసులు మొదటి కుట్టు స్థానంలో ఉన్నవి కనుక, దాని కిందనే ఉన్న కుట్టును వదలి తరువాతి కుట్టులో వేయాలి. వరుస చివరి కుట్టును కింది వరుసలోని మూడు గొలుసుల పైభాగంలో వేయాలి. ఈ విధంగా 50 వరుసలు అల్లి దారాన్ని తెంచి ముడి వేయాలి.

నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడేది ఈ అంచుల వద్దనే. చివరి కుట్టును మరచిపోతే ప్రతి వరుసకు ఒక కుట్టు తగ్గుతుంది. వదలవలసిన మొదటి కుట్టును వదలకపోతే ఒకటి పెరుగుతుంది. పది వరుసలు గడిచేసరికి దీర్ఘచతురస్రం కాస్తా సమలంబ చతుర్భుజం అవుతుంది. మొదటి పది వరుసలలో ప్రతి వరుసకు కుట్లు లెక్కపెట్టుకోవడం, ఆపై ఐదు వరుసలకు ఒకసారి లెక్కించడం దీనికి తగిన జాగ్రత్త. పదేసి కుట్లకు ఒక రంగు దారపు గుర్తు పెట్టుకుంటే లెక్క సులభం.

ముందు ముక్క: వెనుక ముక్క వలెనే అల్లాలి. మెడ కోసం ప్రత్యేకంగా ఆకారం తేనవసరం లేదు.

చేతి ముక్కలు: 74 గొలుసు కుట్లతో మొదలుపెట్టి 72 కుట్ల చొప్పున 18 వరుసలు అల్లాలి. ఇటువంటివి రెండు.

సాగదీసి ఆరబెట్టడం: నాలుగు ముక్కలను చల్లని నీటిలో తడిపి, పిండకుండా తువాలులో అద్ది, పరుపుపై గాని బొంతపై గాని పరచాలి. టేపుతో కొలుస్తూ మూలలను లంబకోణంగా ఉంచి గుండుసూదులు గుచ్చి, నీడలో ఆరనివ్వాలి. ముక్కలు సమానంగా రావడానికి ఇది తప్పనిసరి. ఆక్రిలిక్ అల్లికపై వేడి ఇస్త్రీ పెట్టరాదు, దారం సాగి జీవం కోల్పోతుంది.

భుజాలు కలపడం: ముందు, వెనుక ముక్కలను మంచి వైపులు లోపలికి వచ్చేలా ఒకదానిపై ఒకటి పెట్టాలి. పై అంచున ఇరువైపుల నుండి 22 కుట్ల చొప్పున కలపాలి. మధ్యలో మిగిలే 46 కుట్లు, అంటే సుమారు 10 అంగుళాలు మెడ అవుతుంది. ఇది అడ్డంగా ఉండే పడవ మెడ. ముడి వేసే ముందు తలపై నుండి తొడిగి చూడడం మంచిది.

చేతులు, పక్కలు: భుజం కుట్టు నుండి కిందికి ముందు 18 వరుసలు, వెనుక 18 వరుసలు కొలిచి గుర్తు పెట్టాలి. ఈ రెండు గుర్తుల మధ్య దూరం 16 అంగుళాలు. చేతి ముక్క వెడల్పు మధ్యభాగం భుజం కుట్టుకు ఎదురుగా వచ్చేలా పెట్టి కలపాలి. తరువాత చేతి చివర నుండి చంక వరకు, చంక నుండి కింది అంచు వరకు ఒకే అతుకుగా కలుపుకొని పోవాలి. పక్కన మిగిలిన 32 వరుసలు సుమారు 14 అంగుళాలు. కింద రెండు మూడు అంగుళాలు కలపకుండా వదిలితే కూర్చున్నప్పుడు పట్టదు.

అంచు: మెడకు, చేతులకు, కింది అంచుకు ఒక వరుస సింగిల్ క్రోషే వేయాలి. ఇది వేయకపోతే మెడ క్రమంగా సాగిపోతుంది. మిగిలిన దారపు కొసలను మొద్దు సూదితో అల్లికలోనికి రెండు మూడు అంగుళాల మేర దూర్చి దాచాలి. కొసను ముడి దగ్గరే కత్తిరిస్తే ఉతుకులలో ఊడివస్తుంది.

ఇతర రూపాలు

వి ఆకారపు మెడ: ముందు ముక్కకు బదులుగా 45 కుట్ల వెడల్పుతో రెండు సన్నని ముక్కలు అల్లాలి. వాటిని నడిమి అంచున కింది నుండి 32 వరుసల వరకు కలిపి, పైన వదలివేస్తే మెడ వస్తుంది. కలపని పై మూలలను బయటికి మడిస్తే కాలరు వలె ఉంటాయి. నడిమి అంచును అసలే కలపకపోతే ముందు తెరచి ఉండే కోటు అవుతుంది.

నిలువు వరుసలు: ముక్కను పొడవు వైపు నుండి మొదలుపెట్టి 101 గొలుసులతో 99 కుట్లు, 45 వరుసలు అల్లితే అదే పరిమాణం వస్తుంది. వరుసలు నిలువుగా కనిపిస్తాయి.

జాలీ అల్లిక: ఒక డబుల్ క్రోషే, ఒక గొలుసు వేసి, కింద ఒక కుట్టు వదలుతూ పోతే చిన్న గళ్ళు వస్తాయి. దారం తక్కువ పడుతుంది, గాలి ఆడుతుంది. లోపల పల్చని నూలు బనియను గాని షిమ్మీ గాని వేసుకోవాలి.

యంత్రానికి లొంగని పని

నేతకు మరమగ్గం, స్వెట్టరు అల్లికకు అల్లిక యంత్రం వచ్చాయి. ఇంగ్లండులో విలియం లీ అల్లిక యంత్రాన్ని 1589లోనే రూపొందించాడు. చేతి క్రోషేను మాత్రం యథాతథంగా అల్లగల యంత్రం బజారుకు రాలేదు. ప్రతి కుట్టు తన కింది వరుసలోనికి, పక్క కుట్టులోనికి రెండు దిక్కులా ముడిపడి ఉండడం ఇందుకు కారణం. క్రోషే యంత్రం అనే పేరుతో ఉన్నవి లేసు పట్టీలను తయారు చేసే వార్ప్ అల్లిక యంత్రాలు. వాటి నిర్మాణం వేరు. కనుక దుకాణంలో కనిపించే అసలైన క్రోషే టాప్ ఏదైనా, అది ఎంత చౌక అయినా, ఎవరో ఒకరు చేతితో అల్లినదే.

కాలం, కూలి

36 అంగుళాల టాప్‌లో ముందు వెనుక ముక్కలకు 9,000 కుట్లు, చేతులకు 2,592 కుట్లు, వెరసి 11,592 కుట్లు. నిమిషానికి 10 కుట్లు వేసేవారికి అల్లికకే 19 గంటలకు పైగా పడుతుంది. ఆరబెట్టి కలపడం, అంచు వేయడం, కొసలు దాచడం మరొక నాలుగు గంటలు అనుకుంటే మొత్తం 23 గంటలు. దారం ఖర్చు పోను టాప్‌పై 600 రూపాయలు మిగిలితే గంటకు పడేది 26 రూపాయలు మాత్రమే. అమ్మకానికి అల్లేవారు వెల చెప్పే ముందు ఈ లెక్క వేసుకోవడం అవసరం. వంటపని మధ్య, పిల్లల పని మధ్య పది నిమిషాలు, పావుగంట చొప్పున సాగే అల్లికకు గంటలు లెక్క పెట్టుకునే అలవాటు సాధారణంగా ఉండదు.

మరియా మీస్ పరిశోధనలోని ముఖ్యాంశం కూడా ఇదే. నరసాపురం ప్రాంతపు స్త్రీలు రోజుకు చాలా గంటలు లేసు అల్లి, ప్రపంచ మార్కెట్టుకు సరకు అందించేవారు. అయినా వారిని కార్మికులుగా గాక, ఇంట్లో ఖాళీగా కూర్చొని తీరిక సమయంలో అల్లుకునే గృహిణులుగా పరిగణించడం వలన వారి కూలి కనీస వేతనాల కంటె ఎంతో తక్కువగా ఉండిపోయిందని, లాభం దళారులకు, ఎగుమతిదారులకు చేరిందని ఆమె వివరించారు. యంత్రం పోటీ లేకపోయినంత మాత్రాన చేతిపనికి తగిన వెల రాదని నరసాపురం అనుభవం తెలుపుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

పూర్వం కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణాలలో జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలకు కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. 2017 నుండి కొన్నేళ్ళ పాటు తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలలో ఎక్కువ భాగం ఇక్కడి మగ్గాలపైనే నేశారు. కోరుట్లకు సమీపంలోని మెట్‌పల్లి ఖాదీకి పేరు పొందినది.

ఈ మూడు పట్టణాలలోను, చుట్టుపక్కల గ్రామాలలోను స్త్రీలకు చిరకాలంగా తెలిసిన ఇంటిపని బీడీలు చుట్టడం. తునికాకు, తంబాకు తెచ్చుకొని, చుట్టిన బీడీలను వేయి లెక్కన అప్పగించి కూలి తీసుకుంటారు. పొగాకు దుమ్ము వలన, గంటల తరబడి వంగి కూర్చోవడం వలన ఆరోగ్యం దెబ్బతింటుంది. బీడీ పనికి బదులుగా కుట్టుపని, చీరలకు కుచ్చులు వేయడం, మగ్గం వర్క్ వంటివి నేర్చుకునేవారు ఉన్నారు. చీర కొంగుకు క్రోషే సూదితో కుచ్చులు వేయడం వచ్చినవారికి గొలుసు, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే కొత్త కావు. అటువంటివారు ముక్కల టాప్‌ను త్వరగా నేర్చుకోగలరు.

ముక్కల పద్ధతి మహిళా సంఘాలకు కూడా అనువైనది. ఒకరు ముందు ముక్క, మరొకరు వెనుక ముక్క, ఇంకొకరు చేతులు అల్లి, అనుభవం గలవారు కలపవచ్చు. అయితే పైన చెప్పినట్లు చేతిని బట్టి కుట్టు పరిమాణం మారుతుంది కనుక ప్రతి సభ్యురాలు ముందుగా మచ్చు అల్లి, తన చేతికి తగిన సూదిని ఎంచుకోవాలి. లేనిచో ముందు ముక్క, వెనుక ముక్క కలవవు. కూలిని ముక్కల లెక్కన కాక కుట్ల లెక్కన పంచుకుంటే 4,500 కుట్ల వెనుక ముక్కకు, 1,296 కుట్ల చేతి ముక్కకు తగిన తేడా ఉంటుంది. కలిపేవారి గంటలను విడిగా లెక్కించాలి.

ఇంటి వద్ద పనిచేసేవారికి చట్టపరమైన గుర్తింపు విషయంలో బీడీ పనికి, అల్లికకు తేడా ఉంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి వద్ద బీడీలు చుట్టేవారిని కూడా కార్మికుల నిర్వచనంలో చేర్చింది. క్రోషే అల్లేవారికి అటువంటి ప్రత్యేక చట్టం రాలేదు. ఇంటి వద్ద పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడికను ఆమోదించింది. అందువలన అల్లిక పని చేపట్టేవారు ఎన్ని గంటలు పట్టినదో, దారానికి ఎంత అయినదో మొదటి ముక్క నుండి పుస్తకంలో రాసుకోవడం, వెల నిర్ణయించుకోవడానికి తమకున్న గట్టి ఆధారం.

వాడకం, జాగ్రత్తలు

క్రోషే టాప్‌ను కొక్కేనికి గాని హ్యాంగరుకు గాని వేలాడదీయరాదు. తన బరువుకే అది సాగుతుంది. మడిచి బీరువాలో పెట్టాలి. చేతితో ఉతికి, పిండకుండా నీడలో పరచి ఆరవేయాలి. ముదురు రంగు నూలు మొదటి ఉతుకులలో రంగు వదలవచ్చు కనుక విడిగా ఉతకాలి. గాజులకు, గొలుసులకు తగులుకొని ఉచ్చు బయటికి వస్తే కత్తిరించకుండా సూదితో వెనుక వైపుకు లాగి సర్దాలి. ఒక కుట్టు తెగితే అదే దారపు ముక్కతో వెంటనే బాగుచేయాలి. ఇందుకోసం కొద్దిగా దారం మిగిల్చి ఉంచుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

నరసాపురం
సిరిసిల్ల
చేనేత
బీడీ పరిశ్రమ